నా ఓటు కోసం అమ్మ పేరు వెతికాను: యానాంలో ఓటరు జాబితా సవరణ అనుభవం

ఓటరు కార్డు చేతిలో ఉంటే ఓటు ఉన్నట్టేనని మా వైపు చాలామంది గట్టిగా నమ్ముతారు. నేను పాఠాలు చెప్పే స్కూల్లో తోటి టీచర్లు కూడా మొన్నమొన్నటిదాకా అదే అనేవారు. కానీ కార్డు వేరు, జాబితా వేరు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం జాబితాలో పేరున్న వాళ్లకే ఓటు. పేరుండి కార్డు పోయినా ఇబ్బంది లేదు. ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఫోటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఏదో ఒకటి చూపించి ఓటేసి రావచ్చు. కార్డుండి పేరు లేకపోతే మాత్రం పోలింగ్ బూత్ గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి తిరగాలి. శేషన్ గారు ఎన్నికల ప్రధాన కమిషనర్‌గా ఉండగా 1993లో ఫోటో కార్డులు వచ్చాయి. అప్పటినుంచి మన మాటలన్నీ ఆ కార్డు చుట్టూనే తిరిగాయి. అసలు సంగతంతా జాబితా దగ్గరుంది. అందులో పేరు నిలబెట్టుకోవడానికి మొన్నటి చలికాలంలో నేను పడ్డ పాట్లు రాస్తే, ముఖ్యంగా పెళ్లయి వేరే ఊరు వచ్చిన ఆడవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

యానాం సంగతి కొంచెం చెప్పాలి. గౌతమీ గోదావరి ఒడ్డున, చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా, మాది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలన. చట్టప్రకారం భారతదేశంలో విలీనం పూర్తయింది 1962 ఆగస్టు 16న. ఎన్నికల సంఘం బీహార్ తర్వాత ఓటరు జాబితాలను మొదట్నుంచీ సరిచూసే రెండో విడత ప్రత్యేక విస్తృత సవరణను, అంటే అందరూ ఎస్ఐఆర్ అంటున్నదాన్ని, 2025 అక్టోబరు 27న ప్రకటించింది. ఆ 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, పుదుచ్చేరి ఉంది. అలా గోదావరి డెల్టాలో ఈ సవరణ ముందుగా మా ఊరి మీదకు వచ్చింది. అప్పట్లో వంతెన దాటి ఎదుర్లంక వెళ్తే అక్కడ ఈ మాటే ఉండేది కాదు. ఇటు తాళ్లరేవు వెళ్లినా అంతే. మధ్యలో ఉన్న మాకు మాత్రం నవంబరు 4 నుంచి ఇంటింటికీ ఫారాలు వచ్చాయి.

ఫారం ఎలా ఉంటుందంటే, ఒక్కొక్క ఓటరుకు రెండు కాపీలు ఇస్తారు. మన పేరు, కార్డు నంబరు, జాబితాలో ఉన్న ఫోటో ముందే అచ్చువేసి ఉంటాయి. పుట్టినతేదీ, ఫోన్ నంబరు, తల్లిదండ్రుల పేర్లు, భార్య లేదా భర్త పేరు మనం రాయాలి. ఆధార్ నంబరు ఇష్టమైతే రాయొచ్చు. నింపిన కాపీల్లో ఒకటి బీఎల్ఓ, అంటే ఇంటింటికీ తిరిగే బూత్ స్థాయి అధికారి, తీసుకుని, రెండోదాని మీద అందినట్టు సంతకం పెట్టి మనకే ఇస్తారు. ఆ సంతకం ఉన్న కాపీ చాలా ముఖ్యం. మా వీధిలో చాలామంది దాన్ని చిత్తుకాగితం అనుకుని పారేశారు. తర్వాత నోటీసులు వచ్చినప్పుడు, ఫారం ఇచ్చామని చూపించడానికి వాళ్ల చేతిలో ఏమీ లేదు.

అసలు చిక్కు ఫారం కింది భాగంలో ఉంది. దేశంలో ఇలాంటి విస్తృత సవరణ చివరిసారి జరిగింది 2002-04 మధ్య. అప్పటి జాబితాలో మీ పేరుంటే ఎడమవైపు గళ్లలో ఆ వివరాలు, అంటే నియోజకవర్గం, భాగం నంబరు, వరుస నంబరు రాయాలి. మీ పేరు లేకపోతే కుడివైపు గళ్లలో మీ తల్లిదో తండ్రిదో వివరం రాయాలి. ఏదో ఒకటి దొరికితే మీ పని అయిపోయినట్టే. దొరకకపోతే నోటీసు వస్తుంది, కాగితాలు పట్టుకుని విచారణకు వెళ్లాలి.

మా అత్తయ్యకు డెబ్భై దాటాయి. ఆవిడ పుట్టినప్పుడు యానాంలో ఎగిరింది ఫ్రెంచి జెండా. 1962లో విలీనం అయ్యాక, ఇక్కడ పుట్టి ఇక్కడే ఉంటున్నవాళ్లు భారత పౌరులయ్యారు. ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకుంటామన్న వాళ్లకు రాతపూర్వకంగా చెప్పడానికి ఆరు నెలల గడువిచ్చారు. అలా రాసిచ్చిన కుటుంబాలు ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి. మా అత్తవారు రాసివ్వలేదు. అత్తయ్య ఎప్పుడూ ఊరు వదల్లేదు, వీధి కూడా మారలేదు. బీఎల్ఓ ఫోన్‌లో చూసి కాసేపట్లోనే పాత జాబితాలో ఆవిడ వరుస పట్టుకుంది. మా ఆయనకు వాళ్లమ్మ పేరు సరిపోయింది. మా మరిదికీ అంతే. అరుగు మీద కూర్చుని ఉండగానే ముగ్గురి ఫారాలూ అయిపోయాయి.

నా దగ్గరికొచ్చేసరికి ఆగింది.

“టీచర్ గారూ, పాత సవరణప్పటికి మీకు ఓటుందాండి?” అంది బీఎల్ఓ.

“లేదండి. అప్పటికి నేను హైస్కూల్లో ఉన్నాను.”

“అయితే మీ అమ్మగారిదో, నాన్నగారిదో కావాలండి. తాతగారిదైనా సరే. అత్తమామలది చెల్లదు, మీ వారిదీ చెల్లదు.”

ఆ మాట విన్నప్పుడు నాకు కోపం రాలేదు గానీ, ఏదో బరువు పడినట్టయింది. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ నేను యానాంలోనే ఉన్నాను. జరిగిన ప్రతి ఎన్నికలోనూ ఓటేశాను. రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు, పిల్లల స్కూలు, అన్నింటిలో నా చిరునామా ఇదే. చట్టం కూడా సాధారణంగా ఎక్కడ నివసిస్తుంటే అక్కడే ఓటు అంటుంది. పరాయి పాలనలో పుట్టిన అత్తయ్యను ఒక్క కాగితం అడగలేదు, అడగక్కర్లేదు కూడా. స్వతంత్ర దేశంలో, గోదావరి పాయకు అవతల పుట్టిన నన్ను మాత్రం పుట్టింటి పేజీ తెమ్మన్నారు. తప్పు బీఎల్ఓది కాదు. ఆవిడ చేతిలో ఉన్నది ఒక యాప్, ఒక గడువు, వందలకొద్దీ ఇళ్లు. రూలు అలా రాసి ఉంది. పుట్టిన ఊళ్లోనే ఉండిపోయిన వాడికి ఆ రూలు గాలిలా దాటిపోతుంది. ఊరు మారిన మనిషికి, అంటే మన దేశంలో దాదాపు ప్రతి పెళ్లయిన ఆడదానికి, అడ్డంగా నిలబడుతుంది.

మా నాన్న మత్స్యకారుడు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫానులో పోయారు. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి పల్లెల్లో వేటకెళ్లిన పడవలు తిరిగి రాలేదు. మా పల్లెలో మా గుడిసె కూడా పోయింది, దాంతోపాటు ట్రంకుపెట్టెలో కాగితాలూ పోయాయి. అమ్మ నన్నూ తమ్ముణ్నీ తీసుకుని తాళ్లరేవు మండలంలో మావయ్య ఇంటికి వచ్చేసింది. అందుకే నాన్న పేరు పాత జాబితాలో ఉండదు. తాత నాయనమ్మ అంతకుముందే పోయారు. మిగిలింది అమ్మ ఒక్కతే. అమ్మ పేరు అప్పటికి మా పల్లెలో ఉందో, మావయ్య ఊళ్లో ఎక్కిందో ఆవిడకే గుర్తులేదు. “ఎవరో వచ్చి రాసుకెళ్లారమ్మా” అంది.

పాత జాబితాలు ఆంధ్రప్రదేశ్ ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఉన్నాయని బీఎల్ఓ చెప్పింది. వేరే రాష్ట్రంలో పాత జాబితాలో ఉన్నా చెల్లుతుందని కూడా చెప్పింది. అదొక్కటే ధైర్యం. రాత్రి పిల్లలు పడుకున్నాక మా ఆయన, నేను ఫోన్ ముందేసుకుని కూర్చున్నాం.

మొదటి చిక్కు నియోజకవర్గం దగ్గరే వచ్చింది. మావయ్య ఊరు ఇప్పుడు ముమ్మిడివరం నియోజకవర్గంలో ఉంది. ముమ్మిడివరం పాత జాబితాలో ఆ ఊరి పేరే కనబడలేదు. కాసేపటికి మా ఆయనకు వెలిగింది. అప్పట్లో తాళ్లరేవు అనే నియోజకవర్గం వేరే ఉండేది. 2008 పునర్విభజనలో అది రద్దయింది. మా జిల్లాలో అల్లవరం, నగరం, ఆలమూరు, సంపర, కడియం, బూరుగుపూడి కూడా అలాగే పోయాయి. ఇప్పుడు లేని నియోజకవర్గం కింద, ఇప్పుడు ఆ ఊరికి వర్తించని జిల్లా పేరు మీద వెతకాలన్నమాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక తాళ్లరేవు కాకినాడ జిల్లాలోకి వెళ్లింది, పాత జాబితాల్లో మాత్రం అంతా తూర్పుగోదావరే. చదువుకున్న మాకే ఇది తట్టడానికి అంతసేపు పట్టింది. ఈ వివరం ఆ ఫారంలో గానీ, పంచిన కాగితాల్లో గానీ ఎక్కడా లేదు. ఊరి పేరు కొడితే పాత నియోజకవర్గం, భాగం నంబరు చూపించే ఏర్పాటు ప్రభుత్వానికి కష్టమైన పని కాదు. చేసి ఉంటే ఎంతమందికి ఎన్ని రాత్రులు మిగిలేవో.

రెండో చిక్కు ఆ పేజీలు. అవి స్కాన్ చేసిన బొమ్మలు. పేరు కొట్టి వెతకడానికి వీల్లేదు, ఒక్కొక్క పేజీ తెరిచి కంటితో చదువుకోవాలి. అచ్చు మసకగా ఉంది, కొన్ని చోట్ల సున్నా పోయింది, కొన్ని చోట్ల ఒత్తు పోయింది. ఒక ఊరికి బూత్‌లు ఎన్ని ఉంటే అన్ని ఫైళ్లు. మావయ్య ఇంటి నంబరు ఇప్పటిది వేరు, అప్పటిది వేరు. ఆధార్‌లో ఉన్న అమ్మ పేరు కోసం మేం కళ్లు కాయలు కాచేలా చూశాం. లేదు. మా పల్లె జాబితా కూడా తెరిచాం. అక్కడా లేదు.

ఈలోగా గడువు మీదికొస్తోంది. ముందు డిసెంబరు 4 అన్నారు, తర్వాత 11 దాకా పొడిగించారు. కింది గళ్లు ఖాళీగా వదిలేసి సంతకం చేసి ఇచ్చినా ముసాయిదా జాబితాలో పేరు వస్తుందని, ఫారం ఇవ్వకపోతేనే పేరు పోతుందని బీఎల్ఓ చెప్పింది. ఇది అందరూ తెలుసుకోవాల్సిన మాట. వివరాలు దొరకలేదని ఫారమే ఇవ్వకుండా ఉండిపోయిన వాళ్లు మా పేటలో ఉన్నారు. నేను ఖాళీగా ఇచ్చాను, కాపీ మీద సంతకం తీసుకున్నాను.

డిసెంబరు 16న ముసాయిదా వచ్చింది. పుదుచ్చేరి మొత్తంలో లక్షకు పైగా పేర్లు తగ్గాయి. చనిపోయినవాళ్లు, ఊరు వదిలి వెళ్లినవాళ్లు, రెండుచోట్ల ఉన్నవాళ్లు అని కారణాలు రాశారు. నా పేరుంది. కానీ పాత జాబితాతో జత కాలేదు కాబట్టి నోటీసు వస్తుందన్నారు. అక్కడ మొదలైంది అసలు టెన్షన్.

ఆ రోజుల్లో ఊళ్లో ఎక్కడ చూసినా ఇదే చర్చ. మా వీధి చివర రిటైరైన గుమాస్తా ఒకాయన ఉన్నారు. ఆయన ఈ సవరణను గట్టిగా సమర్థిస్తారు. “యానాంలో ఇల్లుండి, అటువైపు పొలముండి, రెండుచోట్లా ఓట్లున్న వాళ్లు లేరా అమ్మా? చచ్చిపోయినవాళ్ల పేర్లు ఎన్నేళ్లని ఉంచుతారు?” అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం (1951 నాటిది వేరు) 17, 18 సెక్షన్ల ప్రకారం ఒక మనిషికి రెండు నియోజకవర్గాల్లో గానీ, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు గానీ పేరుండకూడదు. 31వ సెక్షన్ కింద తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు. సరిహద్దు ఊరు కాబట్టి మా దగ్గర ఈ సమస్య ఉందంటే నేను కాదనను. దొంగ ఓటు పడితే నష్టపోయేది నిజంగా ఓటేసినవాడే. జాబితా శుభ్రం చేయాలన్న దాంట్లో నాకు ఏ అభ్యంతరమూ లేదు.

నా అభ్యంతరమల్లా ఒకటే. ఏళ్ల తరబడి జాబితాలో ఉన్న మనిషి పేరు మీద అనుమానం వస్తే, రుజువు చూపించాల్సింది ఎవరు? ఈ ప్రశ్న కొత్తది కాదు. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు దీని మీదే తీర్పిచ్చింది. ముందునుంచీ జాబితాలో ఉన్న పేరుకు విలువ ఇవ్వాలని, తీసేయాలనుకుంటే ఎందుకో ఆ మనిషికి చెప్పాలని, వాళ్ల మాట వినాలని, వాళ్లు తెచ్చిన ఆధారాలన్నీ చూడాలని ఆ తీర్పు సారం. అదే 1950 చట్టం 22వ సెక్షన్ కూడా వినకుండా తీయొద్దనే చెబుతుంది. బీహార్ సవరణ మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన ఏడీఆర్ (ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసేది), పీయూసీఎల్ (పౌరహక్కుల కోసం పనిచేసేది) లాంటి సంస్థలు వాదించింది కూడా ఇదే, ఉన్న ఓటరు మీద మళ్లీ రుజువు బరువు వేయడం కుదరదని. ఎన్నికల సంఘం వాదన వేరు. రాజ్యాంగం 326వ అధికరణం ఓటు పౌరులకే అంటుంది, 324 తమకు అధికారం ఇచ్చింది, 21వ సెక్షన్ ప్రత్యేక సవరణకు వీలిస్తుంది, వలసలు పెరిగాయి, కాబట్టి మొదట్నుంచీ చూసుకోవాల్సిందే అని. రెండు వైపులా వాదనలు పేపర్లో చదివినప్పుడు ఎక్కడో ఢిల్లీ సంగతిలా ఉండేది. నా పేరు మీదికి నోటీసు వస్తుందన్నాక ప్రతి వాక్యం నా గురించే అనిపించింది.

బీహార్‌లో ముసాయిదా నుంచి దాదాపు 65 లక్షల పేర్లు పోతే, ఆ పేర్లను కారణాలతో సహా బయటపెట్టమని 2025 ఆగస్టు 14న కోర్టు ఆదేశించింది. సెప్టెంబరు 8న ఆధార్‌ను, అప్పటికే చెల్లే పదకొండు పత్రాలకు తోడు, పన్నెండో పత్రంగా తీసుకోమంది, అది గుర్తింపుకే గానీ పౌరసత్వానికి రుజువు కాదని కూడా చెప్పింది. ఆ ఆదేశాలు రాకపోయి ఉంటే మా దగ్గర జరిగిన తంతు ఇంకా కఠినంగా ఉండేది. మా ముసాయిదా వచ్చినప్పుడు తీసేసిన పేర్ల జాబితా కారణాలతో సహా చూడగలిగామంటే అందువల్లే.

ఆధార్ గురించి మా తెలుగువాళ్లకు ఇంకో పాత అనుభవం ఉంది. 2015లో ఓటరు కార్డుకు ఆధార్ జతచేసే కార్యక్రమం పెద్ద ఎత్తున నడిచింది, ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వు తర్వాత ఆగింది. 2021లో చట్టం మార్చి మళ్లీ తెచ్చారు. అది తప్పనిసరి కాదని ఎన్నికల సంఘమే 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఇక 2019 ఎన్నికల ముందు ఆంధ్రలో ఫారం 7 గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది. పేరు తొలగించమని లక్షల్లో దరఖాస్తులు ఆన్‌లైన్‌లో పడ్డాయి. దరఖాస్తు పెట్టినట్టు ఉన్నవాళ్లలో కొందరు మేం పెట్టలేదన్నారు, కేసులయ్యాయి. మావయ్య ఊళ్లో ఆ రోజుల్లో జనం రోజూ ఫోన్లలో తమ పేరుందా లేదా అని చూసుకునేవాళ్లు. అందుకే మా వైపు ఎవరైనా జాబితా శుభ్రం చేస్తామంటే ముందు గుండె గుభేలుమంటుంది.

సంక్రాంతికి ముందే నోటీసు వచ్చింది. నేను 1990లో పుట్టాను. 1987 జులై 1కి ముందు పుట్టినవాళ్లు తమ కాగితం ఒక్కటి చూపిస్తే చాలు. ఆ తేదీ నుంచి 2004 డిసెంబరు 2 మధ్య పుట్టినవాళ్లు తమదీ, తల్లిదండ్రుల్లో ఒకరిదీ చూపించాలి. ఆ తర్వాత పుట్టినవాళ్లు తమదీ, తల్లిదండ్రులిద్దరివీ చూపించాలి. నా పదో తరగతి సర్టిఫికెట్ ఉంది. అమ్మకు బర్త్ సర్టిఫికెట్ లేదు, పాస్‌పోర్టు లేదు, ఆవిడ బడికే వెళ్లలేదు. పాత జాబితాలో పేరు దొరికితే అదే ఆధారం అవుతుంది. కాబట్టి మళ్లీ వెతకాలి.

ఈసారి ఫోన్ వదిలేసి మావయ్య ఊరికే వెళ్లాను. మావయ్య కొడుకు ల్యాప్‌టాప్‌లో ఆ బూత్‌ల పేజీలన్నీ ప్రింట్ తీయించి అరుగు మీద పెట్టాడు. అత్త, పక్కింటి పెద్దావిడ, ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. వాళ్లు చదవడం కంటే వినడం బాగా చేశారు. నేను పేర్లు చదువుతుంటే “అది ఫలానావాళ్ల ఇల్లు, దాని తర్వాత చెరువుగట్టు, ఇంకా ముందుకెళ్లు” అని దారి చెప్పారు. పాత జాబితా ఇళ్ల వరుసలో ఉంటుంది కదా, వాళ్లకు ఆ వరుస మొత్తం నోటికొచ్చు. మావయ్య పేరు దొరికింది. దాని కిందే, అమ్మను ఊళ్లో పిలిచే పేరుతో ఒక వరుస ఉంది. ఆధార్‌లో పేరు కాదు, పిలుపు పేరు. భర్త పేరు గడిలో మా నాన్న పేరు.

అప్పటికి నాన్న పోయి ఆరేళ్లు. అమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుని, చదవడం రాకపోయినా, ఆ అక్షరాల మీద వేలుపెట్టి ఇదేనా అని అడిగింది. అవునన్నాను. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత అత్త లేచి టీ పెట్టింది.

కానీ పిలుపు పేరున్న మనిషి మా అమ్మే అని అధికారికి ఎలా చూపించాలి? పక్కింటి పెద్దావిడ అడిగింది, “మీ అమ్మ దగ్గర పాత కార్డు లేదా?” అని. వెతికితే మావయ్య ఇంటి పాస్‌బుక్కుల సంచిలో దొరికింది, ఏపీతో మొదలై గీతలు గీతలుగా నంబరుండే పాత ఓటరు కార్డు. ఫోటో సగం వెలిసిపోయింది. నంబరు మాత్రం స్పష్టంగా ఉంది. జాబితాలో అమ్మ వరుస పక్కనున్న నంబరూ అదే.

విచారణ రోజు ఆఫీసు వరండా అంతా ఆడవాళ్లే. మగవాళ్లు కూడా వచ్చారు గానీ వాళ్లలో చాలామంది భార్యకు తోడొచ్చినవాళ్లు. నా పక్కన కూర్చున్నావిడది రాజోలు వైపు పుట్టిల్లు. తల్లి చిన్నప్పుడే పోయింది, తండ్రి ఎక్కడున్నాడో తెలియదు, అమ్మమ్మ పెంచింది. అమ్మమ్మ పేరు దొరికింది, అమ్మమ్మకూ ఆవిడకూ సంబంధం చూపించే కాగితం దొరకలేదు. ఇంకొకావిడ కులధ్రువీకరణ పత్రం తెచ్చింది, అందులో తండ్రి ఇంటిపేరు, ఇప్పటి కార్డులో భర్త ఇంటిపేరు. అందరి ఒళ్లోనూ ప్లాస్టిక్ కవర్లు, జెరాక్సులు. కూలి మానుకుని వచ్చినవాళ్లే ఎక్కువ.

నా వంతు వచ్చినప్పుడు అధికారి మర్యాదగానే మాట్లాడారు. పదో తరగతి సర్టిఫికెట్ చూశారు. పాత జాబితా పేజీ చూశారు. “ఈ పేరు, మీ అమ్మగారి ఆధార్‌లో పేరు వేరుగా ఉన్నాయి కదమ్మా” అన్నారు. పాత కార్డు తీసి పేజీ పక్కన పెట్టాను. నంబర్లు సరిచూశారు. తర్వాత నా సర్టిఫికెట్‌లో తండ్రి పేరు, జాబితాలో అమ్మ భర్త పేరు పక్కపక్కన పెట్టి చూపించాను. రెండూ ఒకటే. ఆయన తల ఊపి, అన్నింటికీ ఫోటోలు తీయించి ఎక్కించారు. ఇచ్చిన కాగితాలకు రసీదు కావాలని అడిగాను, రాసిచ్చారు. మీరూ తప్పకుండా అడగండి.

బయటికొచ్చాక కాళ్లలో సత్తువ లేదు. కానీ పేరు నిలబడినందుకు సంతోషం కంటే ఇంకో ఆలోచనే ఎక్కువ పట్టి పీడించింది. పుట్టింట్లో మావయ్య కుటుంబం మంచిది కాబట్టి, అరుగు మీద కూర్చుని చదివేవాళ్లు ఉన్నారు కాబట్టి, అమ్మ బతికుంది కాబట్టి, ఆ కార్డు పారేయలేదు కాబట్టి నా పని అయింది. పుట్టింటితో మాటల్లేని ఆడపిల్లలు ఎంతమంది? కులాంతర వివాహం చేసుకుని మళ్లీ గడప తొక్కనివాళ్లు ఎంతమంది? వాళ్లను అమ్మ పేరున్న పేజీ తెమ్మంటే ఎవరిని అడుగుతారు? ఆ పేజీలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి, కార్డు నంబర్లు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. వెతకాల్సిన పని అధికారులది కావాలి. పెళ్లయి వచ్చిన ఓటరు ఫలానా ఊరు, ఫలానావాళ్ల అమ్మాయినని చెబితే అక్కడి బీఎల్ఓతో మాట్లాడి తేల్చే బాధ్యత ఇక్కడి బీఎల్ఓకు అప్పగించాలి. అనుమానం మిగిలితే అప్పుడు నోటీసు ఇవ్వండి, ఎందుకు అనుమానమో అందులో రాయండి.

ఆంధ్రకు కూడా ఇలాంటి సవరణ తప్పదు. అందుకే మావయ్య కోడళ్లకు, మా తమ్ముడి భార్యకు ఇప్పటినుంచే చెబుతున్నాను. పుట్టిన ఊరు 2008కి ముందు ఏ నియోజకవర్గంలో ఉండేదో కనుక్కోండి. అమ్మానాన్నల వరుస పట్టుకుని ఆ పేజీ ప్రింట్ తీసి పెట్టుకోండి. పిలుపు పేరుతో కూడా వెతకండి. పాత కార్డులు పారేయొద్దు. పేరు పోతే భయపడి ఊరుకోవద్దు. 1950 చట్టం 24వ సెక్షన్ కింద జిల్లా మెజిస్ట్రేటుకు 15 రోజుల్లో అప్పీలు పెట్టుకోవచ్చు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి పెట్టుకోవచ్చు.

మా పక్కింటి అమ్మాయి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. మా కోనసీమ నుంచి, యానాం నుంచి అలా వెళ్లిన ఆడవాళ్లు లేని వీధి లేదు. ఆమె ఫారం వాళ్లమ్మ సంతకం పెట్టి ఇచ్చింది, ఇంట్లో పెద్దవాళ్లు అలా ఇవ్వొచ్చు. ఆ అమ్మాయికీ నోటీసు వచ్చింది. పాస్‌పోర్టు చెల్లే పత్రమే, కానీ అది అక్కడ యజమాని దగ్గరుంది. ఎప్పుడో ఫోన్‌లో తీసుకున్న ఫోటో జెరాక్సు చేయించి వాళ్లమ్మ విచారణకు తెచ్చింది. ఒరిజినల్ కావాలన్నారు. ఊళ్లో లేని కూతురి కోసం ఆవిడ ఆ వరండాలో మధ్యాహ్నం దాకా నిలబడింది. అప్పీలు పెట్టాల్సి వస్తే కాగితం నేనే రాస్తానన్నాను. పాస్‌పోర్టు నంబరు, వెళ్లిన తేదీ, వీసా కాపీ, వాళ్ల నాన్న పాత జాబితా వరుస ఒకచోట చేరుస్తున్నాం. వాళ్ల నాన్నది యానామే కాబట్టి ఆ వరుస దొరికింది. ఆ పేజీతోనే మళ్లీ ఆఫీసుకు వెళ్తున్నాం.